సంకెళ్ల నుండి సూదిమందు వరకు

మార్కు సువార్త 5వ అధ్యాయములో సమాధులలో తిరుగుచున్నవానిని ఊరివారు సంకెళ్లతో కట్టియుండిరి. అంతకు మించిన ఉపాయము వారికి తెలియదు. నేటికిని మన సంఘములలో ఒకరికి మతి చలించి ఇంటివారిపై తిరుగబడినప్పుడు మొదట వెదకునది త్రాడే. ప్రార్థనకు పిలువగా వెళ్లి మేము అట్టి గదులను చూచియున్నాము. కనుక ఈ శతవార్షిక సంచికలో దేవాలయ కట్టడముల చరిత్ర ఇతరులకు విడిచి, ఈ త్రాటి చరిత్ర వ్రాయుచున్నాము.

1790లో ఇంగ్లండులోని యార్కు పిచ్చాసుపత్రిలో హన్నా మిల్స్ అను క్వేకరు సహోదరి మరణించెను. చూడవచ్చిన స్నేహితులను లోనికి రానీయలేదు. ఆ దుఃఖములోనుండి విలియం ట్యూక్ అను తేయాకు వర్తకుడు 1796లో 'రిట్రీట్' అను గృహమును తెరిచెను. అచ్చట గొలుసులు లేవు. మెల్లని మాట, తోటపని, మర్యాద, ఇవే ముఖ్య చికిత్స. మరుసటి సంవత్సరమే ప్యారిసులోని బిసెత్ర్ ఆసుపత్రిలో రోగుల గొలుసులు విప్పిరి. విప్పించినవాడు పుస్సాన్ అను పర్యవేక్షకుడు. కీర్తి మాత్రము డాక్టరు పినెల్‌గారికి దక్కెను!

మాట వినలేని స్థితిలో ఉన్నవానికి ఏమి చేయవలెను? దీనికి 1952 వరకు సరియైన జవాబు లేదు. ఆ సంవత్సరము ప్యారిసులో క్లోర్‌ప్రోమజీన్ వాడుకలోనికి వచ్చెను.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో మానసిక వైద్యశాల నెలకొల్పి, రోగితోకూడ ఇంటివారిని ఉంచుకొను పద్ధతి పాటించిరి. తీవ్ర ఉద్రేకముతో అచ్చటికి తేబడిన 200 మందిపై జరిగిన పరిశోధన 2004లో ప్రకటింపబడెను. కొందరికి లోరాజెపామ్, కొందరికి హేలోపెరిడాల్, ప్రోమెథజీన్ కలిపి ఇంజక్షనుగా ఇచ్చిరి. నాలుగు గంటలలో ఇరుపక్షములలోను నూటికి 96 మంది శాంతించిరి; జంట మందు త్వరగా నిద్రపుచ్చెను. హేలోపెరిడాల్ ఒంటరిగా ఇచ్చిన మెడ, దవడ బిగిసికొనుట కద్దు. ప్రోమెథజీన్ దానిని అడ్డుకొనును. రక్తములో చక్కెర తగ్గినదా, జ్వరమా, సారా మానుటవలని వణుకా అనియు వైద్యులు పరీక్షింతురు. వీటిలో ఏదైనను మనిషిని దయ్యము పట్టినవానివలె చేయగలదు. అట్టివానిని గదిలో కట్టి రాత్రంతయు ప్రార్థించినయెడల తెల్లవారుసరికి ప్రాణము దక్కకపోవచ్చును.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో నిప్పంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టబడిన 28 మంది మరణించిరి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను పూర్తిగా నిషేధించినది. 108కి ఫోను చేసి, బండి వచ్చువరకు ప్రార్థింపుడని మేము ఇంటివారితో చెప్పుచున్నాము. కొందరు పెద్దలకు ఇది విశ్వాసలోపముగా తోచుచున్నది.