నరమృగ కథలు - నేటి కుటుంబం

మనిషి మృగంగా మారే కథలను గురించి ఇలాంటి పత్రికలో చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కాలక్షేపానికి చదివే నవలలు, పున్నమి రాత్రి ఒంటినిండా వెంట్రుకలు మొలిచే సినిమాలు - వీటికీ సమాజ పరిణామానికీ సంబంధమేమిటి? మూఢనమ్మకాలని ఒక్కమాటలో కొట్టిపారేసి ముందుకు సాగిపోతే సరిపోదా? సరిపోదు. ఒక నమ్మకం తప్పని చెప్పడం ఒక ఎత్తు. అది ఏ అవసరం కోసం నిలిచివుందో, ఎవరి చేతిలో ఆయుధమయిందో తేల్చడం మరొక ఎత్తు. మొదటి పని చేసి రెండో పని వదిలేయడం మన విమర్శలో తరచు కనిపించే లోపం.

ఈ ప్రశ్న పుస్తకాల్లో పుట్టినది కాదు. మెదక్ పట్టణానికి దగ్గరలో, హవేలిఘనపూర్‌లో జిల్లా విద్యా శిక్షణ సంస్థ వున్నది. రేపు ప్రాథమిక పాఠశాలల్లో పాఠం చెప్పబోయే యువతీ యువకులు అక్కడ శిక్షణ పొందుతారు. 2016లో మండల కేంద్రమయిన ఆ ఊరికి అంత దూరం కాని చోట పోచారం అడవి వున్నది. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ అడవిలో చిరుత వున్నది, తోడేలూ వున్నది. ఈ ప్రాంతపు గొల్ల కురుమలకు తోడేలంటే మందలోంచి గొర్రెపిల్లను ఎత్తుకుపోయే జంతువు. దానికి కుక్కలున్నాయి, కర్రలున్నాయి, రాత్రి కాపలా వున్నది. అది మనిషి వేషం వేసుకుని ఇంట్లోకి వస్తుందని వారెవరూ అనుకోరు. కాని ఇదే జిల్లాలో మనిషిని మృగంగా చూసే భయం మరొకటి వున్నది. దాని పేరు బాణామతి. అడవిలోని తోడేలు కంటె అది ఎక్కువ మంది ప్రాణాలకు చేటు తెచ్చింది. ఆ భయాన్ని అర్థం చేసుకోవాలంటే, ముందు నరమృగ కథ నడిచివచ్చిన దారిని కొంత పరిశీలించాలి.

మన భాషలో ఆ దారి ఆదికావ్యంలోనే మొదలవుతుంది. పదకొండో శతాబ్దంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో కల్మాషపాదుడి కథ వున్నది. ఇక్ష్వాకు వంశపు రాజు వేట నుంచి వస్తూ ఇరుకు దారిలో వసిష్ఠుడి కొడుకు శక్తికి ఎదురయ్యాడు. దారి ఎవరు ఇవ్వాలి? రాజు తప్పుకోలేదు, ముని తప్పుకోలేదు. రాజు కొరడాతో కొట్టాడు. ముని నరమాంసం తినే రాక్షసుడివి కమ్మని శపించాడు. రాక్షసుడయిన రాజు మొట్టమొదట శపించిన శక్తినే తినేశాడు. తరువాత వసిష్ఠుడి తక్కిన కొడుకులనూ తిన్నాడు. శాపమని కథ చెబుతున్నది నిజానికి రెండు పై వర్ణాల ఆధిపత్య కలహం. ఇంకొక సంగతి గమనించాలి. పన్నెండేళ్ల తరువాత, కొడుకులను పోగొట్టుకున్న వసిష్ఠుడే రాజును శాపవిముక్తుణ్ణి చేశాడు. కల్మాషపాదుడు తిరిగి అయోధ్యకు వెళ్లి రాజ్యం ఏలుకున్నాడు. రాజు మృగమైతే అది శాపం. దానికి గడువు వుంటుంది, విమోచనం వుంటుంది. పేదవాడు మృగమైతే ఏమవుతుందో చెప్పడానికి ఐరోపా న్యాయస్థానాల చరిత్ర చూడాలి.

పదహారో శతాబ్దంలో ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాల్లో తోడేలు మనుషుల మీద విచారణలు జరిగాయి. 1570ల ప్రారంభంలో డోల్ పట్టణం దగ్గర గిల్ గార్నియే అనే ఏకాంతవాసిని పిల్లలను చంపి తిన్నాడన్న నేరం మీద సజీవంగా తగలబెట్టారు. అతను ఊరవతల, లేమిలో, భార్యాబిడ్డలకు తిండి సంపాదించలేక బతికినవాడు. 1589లో జర్మనీలోని బెడ్‌బుర్గ్‌లో పీటర్ స్టంప్ అనే అతణ్ణి ఇలాంటి నేరానికే చిత్రహింస పెట్టి చంపారు. కరువు, మత యుద్ధాలు ఆ దేశాలను పీడిస్తున్న కాలం అది. పిల్లలు మాయమయినప్పుడు జవాబు చెప్పవలసిన ప్రభువులకు, తోడేలు మనిషి ఒక సులువైన జవాబు అయ్యాడు.

అయితే 1603లో బోర్డో న్యాయస్థానం ముందుకు జాన్ గ్రెనియే అనే కుర్రవాడు వచ్చాడు. పదమూడు పద్నాలుగేళ్లవాడు, తండ్రి ఇల్లు విడిచి, పశువులు కాస్తూ, అడుక్కుంటూ తిరిగినవాడు. తాను తోడేలునవుతాననీ, పిల్లలను తిన్నాననీ తానే చెప్పాడు. న్యాయస్థానం అతణ్ణి తగలబెట్టలేదు. రూపం మారడమన్నది చెదిరిన మనస్సులోనే జరుగుతుందనీ, ఆ పిల్లవాడి వయస్సునూ, అతనికి చదువూ పెంపకమూ లేకపోవడాన్నీ లెక్కలోకి తీసుకోవాలనీ భావించి, అతణ్ణి ఒక మఠంలో వుంచమన్నది. ఆ న్యాయమూర్తులు విప్లవకారులేమీ కారు. అయినా మృగం ఎక్కడ తయారయిందని వెతికి, దాన్ని అడవిలో గాక ఆ పిల్లవాడి బతుకులో చూశారు. ఇది చిన్న విషయం కాదు.

ఈ మలుపు సాహిత్యంలోకి స్పష్టంగా రావడానికి మూడు వందల ఏళ్లు పైగా పట్టింది. 1933లో అమెరికన్ రచయిత గై ఎండోర్ పారిస్ తోడేలు మనిషిని గురించి ఒక నవల వ్రాశాడు. ఎండోర్ కమ్యూనిస్టు, తరువాత హాలీవుడ్ నల్లజాబితాలో చేరినవాడు. అతని కథలో తోడేలు మనిషి తల్లి ఒక పనిపిల్ల. మతాచార్యుడి అత్యాచారం వల్ల ఆమెకు బిడ్డ పుడతాడు. ఆ బిడ్డ మంచి ఇంట్లోనే పెరుగుతాడు. పెంచినవాడు భయపడుతూనే ప్రేమిస్తాడు. కథ చివరికి 1871 నాటి పారిస్ కమ్యూన్ దగ్గరకు చేరుతుంది. కమ్యూన్‌ను అణచడానికి వచ్చిన వెర్సాయ్ సైన్యం ఒక్క వారంలో వేలాది మందిని కాల్చి చంపింది. ఆ రక్తపాతం పక్కన ఒంటరి తోడేలు చంపిన కొద్దిమంది ఎంత? ఎండోర్ అడిగిన ప్రశ్న ఇదే. భయానక కథను చరిత్ర ముందు నిలబెట్టిన రచన అది.

1941లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘ది వుల్ఫ్ మ్యాన్’ కథను మరింతగా ఇంట్లోకి తెచ్చింది. పెద్దకొడుకు చనిపోగా చిన్నకొడుకు తండ్రి బంగళాకు తిరిగివస్తాడు. తోడేలు కాటు తింటాడు. చివరికి తండ్రి చేతి వెండి పిడి కర్రతోనే చస్తాడు. తాను చంపింది ఎవరినో తండ్రికి తరువాత గాని తెలియదు. వంశగౌరవం మోసే ఇంట్లో తండ్రీకొడుకుల సంబంధం ఎంత క్రూరమయినదో ఈ కథ చెప్పగలిగింది. కాని ఆ కాటు వేసినవాడు మాత్రం జిప్సీ! చిత్ర రచయిత కుర్ట్ సియోడ్‌మాక్ హిట్లర్ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుడు. అదే హిట్లర్ మూకలు అదే కాలంలో జిప్సీలను మూకుమ్మడిగా చంపుతున్నాయి. పీడన రుచి చూసిన రచయిత కలం కూడా నిందను వేయడానికి ఊరులేనివాణ్ణే వెతుక్కున్నదంటే, ఈ అలవాటు ఎంత లోతయినదో ఊహించవచ్చు.

ఇక తెలుగు దేశానికి వద్దాము. మనకు తోడేలు మనిషి లేడు. సంస్కృతంలో భీముడికి వృకోదరుడనే పేరున్నది. తోడేలు వంటి కడుపు కలవాడని అర్థం. అంటే మన ఊహలో తోడేలు ఆకలికి గుర్తు, రూపం మార్చే శక్తికి కాదు. ఆ పాత్ర మనకు పాము తీసుకున్నది. 1980లో ఒక కన్నడ చిత్రం ఆధారంగా వచ్చిన ఎ.వి.ఎం. వారి ‘పున్నమినాగు’లో చిరంజీవి వేసిన పాత్ర అలాంటిదే. పాములవాడయిన తండ్రి కొడుక్కు చిన్నప్పటి నుంచి తిండిలో కొద్దికొద్దిగా విషం పెడతాడు. పెద్దవాడయ్యాక పున్నమి రాత్రుల్లో కొడుకులోని పాము లేస్తుంది; అతణ్ణి చేరిన స్త్రీలు చనిపోతారు. ఈ చిత్రంలో లోపాలు లేకపోలేదు. స్త్రీ శరీరాన్ని ఎరగా చూపి డబ్బు చేసుకున్నది. పాములు ఆడించి పొట్టపోసుకునే కులాన్ని వింతగా, ప్రమాదంగా చూపింది. అయినా దాని నడుమ ఒక నిజం వున్నది. ఆ కొడుకు మృగంగా పుట్టలేదు. అన్నం ముద్దలో కలిపి అతణ్ణి మృగంగా పెంచారు. నేరం చంద్రుడిది కాదు, పెంచిన చేతిది.

దాదాపు అదే కాలంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ ధారావాహికగా వెలువడింది. ఇక్కడ భయం పూర్తిగా నేటి మధ్యతరగతి ఇంట్లోకి వచ్చింది. ఉద్యోగం చేసే తండ్రి, తల్లి, ముద్దుల కూతురు. ఆ కూతురి మీద కాష్మోరా ప్రయోగం. ఎందుకు? ఆస్తి కోసం. కథను నడిపిస్తున్న అసలు శక్తి మంత్రం కాదు, వారసత్వపు డబ్బు. ఈ ఒక్క సంగతిని రచయిత చివరిదాకా పట్టుకుని వుంటే నవల మరొక తీరుగా వుండేది. కాని వారం వారం పాఠకుణ్ణి పట్టి వుంచింది డబ్బు మీది విచారణ కాదు, మాంత్రికుడి మీది భయం. వైద్యశాస్త్రం చెప్పే కారణాన్ని కూడా నవల పక్కన పెట్టుకున్నది. రెండింటిలో ఏది నిజమో మీరే తేల్చుకోండన్నది. ఇది తటస్థతలా కనిపిస్తుంది. నిజానికి తూకంలో ఒకవైపు నాలుగు వందల పేజీల భయం, మరొకవైపు నాలుగు వాక్యాల శాస్త్రం పెట్టి చేతులు కట్టుకోవడం తటస్థత కాదు. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అనే పేరుతో దీన్ని దుయ్యబట్టారు. ఆ తరువాత చాలాకాలం ‘క్షుద్ర సాహిత్యం’ అనే మాట మన విమర్శలో నిలిచిపోయింది.

అయితే ఈ నవలల వల్లనే పల్లెల్లో దారుణాలు జరిగాయనడం తొందరపాటు. బాణామతి ఈ నవలల కంటె పాతది. వారపత్రిక చదవనివారి ఇళ్లలో అది ముందునుంచీ వున్నది. మెదక్ జిల్లాలోనూ, పొరుగున వున్న బీదర్ ప్రాంతంలోనూ అది ఒకే తీరుగా కనిపిస్తుంది. ఇంటి మీద రాళ్లు పడతాయంటారు. పెట్టెలోని బట్టలు కాలిపోతాయంటారు. అన్నిటికంటె ముఖ్యం, ఇంట్లో ఆడమనిషి, తరచు వయసులో వున్న కోడలో కూతురో, ఉన్నట్టుండి కుక్కలా మొరుగుతుంది, మూలుగుతుంది, ఎన్నడూ ఎదురు చెప్పని పెద్దలను నోటికొచ్చినట్టు తిడుతుంది. మనకు తోడేలు మనిషి లేడన్నాను గాని, కుటుంబంలో మృగం లేవడమంటే ఇంతకంటె ఏమిటి?

ఆమె ఎందుకు మొరుగుతున్నది? మనోవైద్యులు దీన్ని తీవ్రమయిన ఒత్తిడి కింద స్పృహ చీలిపోవడంగా గుర్తిస్తారు. మనిషి గొంతుతో అత్తకు గాని భర్తకు గాని చెప్పే వీలులేని మాట జంతువు గొంతుతో బయటపడుతుంది. కోడలిగా ఆ మాటన్నందుకు తన్నులు తినవలసిన మనిషికి, బాణామతి పట్టిన మనిషిగా సానుభూతి దొరుకుతుంది. ఇక్కడిదాకా ఇది ఒక కుటుంబపు దుఃఖం. దుఃఖం నేరంగా మారేది తరువాతి ప్రశ్నతో. ఇంట్లోవారు ‘ఈమెకు ఏమయింది?’ అని అడగరు. ‘ఎవరు చేశారు?’ అని అడుగుతారు. మొదటి ప్రశ్న ఇంటి లోపలికి చూస్తుంది: ఆమె పనిభారాన్ని, కట్నాన్ని, బిడ్డలు కలగలేదన్న ఎత్తిపొడుపులను, చీకటి గదిని. రెండో ప్రశ్న ఇంటి బయటకు చూస్తుంది. అక్కడ ఒంటరి ముసలమ్మ వుంటుంది. దళితవాడలోనో, ఊరి చివరనో ఒక పేద కుటుంబం వుంటుంది. గట్టు తగాదా వున్న పొరుగువాడు వుంటాడు. వేలు అటు చూపిస్తే ఇంటి గౌరవం నిలుస్తుంది, తగాదా కూడా తీరుతుంది.

ఆ తరువాత జరిగేది వార్తాపత్రికల్లో అనేకసార్లు చదివాము. నిందపడ్డవారిని చెట్టుకు కట్టి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, చంపడం, తగలబెట్టడం. పళ్లు ఊడగొట్టడంలోని తర్కాన్ని చూడండి. మంత్రానికి ఉచ్చారణ శుద్ధి వుండాలి కనక నోరు పాడుచేస్తే శక్తి పోతుందట! వేల ఏళ్లు చదువుకు దూరంగా వుంచిన కులాల నోటికే అంతటి శక్తిని అంటగట్టి, ఆ నోటినే పగలగొడతారు.

చట్టాలు కావాలి, సందేహం లేదు. నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణేలో కాల్చి చంపిన తరువాత గాని మహారాష్ట్ర తన చట్టాన్ని తేలేదు. కర్ణాటక 2017లో తెచ్చింది. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు మన పల్లెల్లో ఏళ్ల తరబడి ప్రదర్శనలిచ్చి, మంట ఎలా పుడుతుందో, రాయి ఎలా పడుతుందో చేసి చూపించాయి. ఆ పని విలువ తక్కువది కాదు. కాని మంట వెనక వున్న రసాయనం చెప్పినంత మాత్రాన, కోడలు ఎందుకు మొరుగుతున్నదో చెప్పినట్టు కాదు. చట్టమూ పళ్లు విరిగిన తరువాతే ఊరికి చేరుతుంది.

ఇక్కడే సాహిత్యానికి పని వున్నది. నరమృగ కథను నిషేధించమని నేనను. అది మనిషిలోని హింసను, ఇంట్లోని హింసను చెప్పగల బలమయిన రూపం. విమర్శకుడు అడగవలసింది కథలో మృగం వున్నదా లేదా అని కాదు. ఆ మృగాన్ని ఎవరు తయారు చేశారని కథ చెబుతున్నది, శిక్ష ఎవరికి వేస్తున్నది, విమోచనం ఎవరికి దాచివుంచుతున్నది - ఇవి అడగాలి. ఎండోర్ నవల ఈ ప్రశ్నలకు నిలుస్తుంది. ‘పున్నమినాగు’ సగం నిలుస్తుంది. మాంత్రికుణ్ణి అడవి నుంచి దింపి, మధ్యతరగతి ఇంటిని నిర్దోషిగా నిలబెట్టే కథ నిలవదు.

హవేలిఘనపూర్‌లో శిక్షణ పొంది పల్లె బడికి వెళ్లే ఉపాధ్యాయుడికి ఈ ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో దొరకవు. రేపు తరగతిలో ఒక పిల్ల తన వదినకు బాణామతి చేశారని చెబుతుంది. నవ్వి కూర్చోమంటే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. మీ వదినకు నిద్ర వున్నదా, తిండి వున్నదా, ఆమె పుట్టింటికి పోయి ఎన్నాళ్లయిందని అడిగితే సంభాషణ ఇంటి లోపలికి మళ్లుతుంది. ఆ అడగడం నేర్చుకోవాలి. ఇక మన యువ రచయితలు చేయవలసింది మరొకటి వున్నది. ఇంతవరకు మనం ఎక్కువగా చదివినవి భయపడిన ఇంటి కథలు. వేలు ఎవరి వైపు చూపించారో ఆ ఇంటి కథ, రాత్రివేళ తలుపు మీద దెబ్బలు పడుతుంటే లోపల కూర్చున్న ముసలమ్మ కథ వ్రాయాలి. ఆ గుమ్మంలోంచి చూసినప్పుడు తోడేళ్లు ఎటువైపు వున్నాయో పాఠకుడికి వేరే చెప్పనక్కర లేదు.