ఊడిన పళ్ళు, కట్టిన పళ్ళు: ఎమిరేట్స్ నేల చెప్పేదెంత?

కట్టుడుపళ్ళ చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా ఇటలీలో ఎట్రుస్కన్ల బంగారు పట్టీలతో మొదలుపెడతారు. నీటిగుర్రం దంతంతో చేసిన జార్జి వాషింగ్టన్ పళ్ళ సెట్టు మీదుగా 1930ల నాటి యాక్రిలిక్ దాకా వస్తారు. ఆ దారిలో అరేబియా తూర్పు తీరం ఎక్కడా తగలదు. కానీ పళ్ళు కట్టించుకోవాల్సిన అవసరం మనిషికి ఎందుకొచ్చిందని అడిగితే, ఇప్పటి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, దాని ఇరుగుపొరుగు నేలల నుంచి మంచి సాక్ష్యమే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఇక్కడ పళ్ళు పోయిన సంగతి మట్టి చెబుతుంది, పళ్ళు కట్టిన సంగతి అరబ్బీ గ్రంథాలు చెబుతాయి. ఈ రెండింటినీ తొందరపడి ముడివేస్తే చరిత్ర తప్పుతుంది.

ముందు దవడ ఎముకను ఎలా చదువుతారో చూద్దాం. పన్ను లేని చోట గుంట ఖాళీగా, అంచులు పదునుగా ఉంటే ఆ పన్ను చనిపోయాక రాలిందని అర్థం. బతికుండగా పన్ను పోతే గుంటలో కొత్త ఎముక నిండుతుంది. నెలలు గడిచేకొద్దీ అంచులు నున్నబడి, ఆ చోట దవడ ఎత్తు తగ్గి గట్టులా మారుతుంది. పక్క పళ్ళు ఒక్కోసారి ఖాళీ వైపు ఒరుగుతాయి. ముసలితనంలో బోసినోళ్ళు ఎక్కడైనా ఉంటాయి. నడివయసు రాకముందే దవడ పళ్ళు పోయి గుంటలు పూడిపోయాయంటే మాత్రం తిండి సంగతి ఆలోచించాల్సిందే.

1993లో ఎముకల పరిశోధకురాలు జుడిత్ లిటిల్‌టన్, ఆమె సహరచయిత ఫ్రోలిక్ గల్ఫ్ ప్రాంతంలోని 12 అస్థిపంజర సముదాయాల వివరాలను పక్కపక్కన పెట్టి చూశారు. అవి క్రీ.పూ. 3000 నుంచి క్రీ.శ. 1500 దాకా విస్తరించినవి. సముద్రాన్నే నమ్ముకున్న ఒమన్ తీరపు రాస్ అల్ హమ్రా వాళ్ళ పళ్ళు బాగా అరిగాయి గానీ పుచ్చు తక్కువ. అబుదాబి పక్కన ఉమ్ అన్ నార్ దీవి వాళ్ళలో అరుగుదల ఓ మాదిరిగా, పుచ్చు తక్కువగా ఉంది. తోటల సాగు మీద బతికిన రాస్ అల్ ఖైమా సముదాయాలకు వచ్చేసరికి లెక్క తిరగబడింది. అరుగుదల స్వల్పం, పుచ్చు తీవ్రం, బతికుండగానే పోయిన పళ్ళు చాలా ఎక్కువ. 1999లో నెల్సన్, లూకాచ్, యూల్ ముగ్గురూ ఒమన్‌లోని సమద్ ఇనుపయుగపు సమాధులను పరిశీలించి, పళ్ళు అంత తొందరగా పోవడానికి ఖర్జూరమే ముఖ్య కారణమని వాదించారు. ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే, పైగా అది దవడ పళ్ళ గాడుల్లో అతుక్కుని ఒక పట్టాన వదలదు.

ఈ వాదన నాకు బలంగానే తోస్తుంది. అయితే దల్మా దీవిలో దొరికిన ఖర్జూరపు గింజలు సుమారు ఏడు వేల ఏళ్ళ నాటివి. అల్ ఐన్ దగ్గర హిలీలో సాగు ఆనవాళ్ళు ఐదు వేల ఏళ్ళ నాటివి. అంటే ఖర్జూరం రుచి తెలిసిన రోజునే పళ్ళు పుచ్చిపోలేదు. అది రోజువారీ కూడు అయ్యాకే దెబ్బ తగిలి ఉండాలి. ఉమ్ అన్ నార్ దీవి పేరుతోనే పిలిచే కంచుయుగపు సమాధుల్లో వందల మంది ఎముకలు కలగలిసిపోవడం వల్ల ఏ పన్ను ఏ మనిషిదో తేల్చడం కూడా కష్టం. నీళ్ళ సంగతీ ఉంది. బహ్రెయిన్‌లో ప్రాచీనుల ఎముకల్లో, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్‌ను లిటిల్‌టన్ గుర్తించారు. 1937లోనే నెల్లూరు జిల్లా నుంచి ఈ జబ్బు వైద్య పత్రికలకెక్కింది, నల్గొండ కష్టం మనకు కొత్త కాదు. ఫ్లోరైడ్ కొద్ది మోతాదులో పుచ్చును అడ్డుకుంటుంది. కాబట్టి రెండు ఊళ్ళ పళ్ళను పోల్చేముందు రెండు బావుల నీళ్ళనూ పోల్చాలి.

ఇక పళ్ళు కట్టడం. దుబాయ్ ఎడారిలోని సరూఖ్ అల్ హదీద్‌లో ఇనుపయుగపు బంగారు నగలు బయటపడ్డాయి. బంగారు పనితనం ఉన్నంత మాత్రాన పళ్ళు కట్టారని అనడం దూకుడే అవుతుంది. ఆ మాట అనాలంటే 1860లలో లెబనాన్‌లోని సైదాలో దొరికినలాంటి దవడ కావాలి. అందులో వేరొకరివని భావిస్తున్న రెండు పళ్ళను బంగారు తీగతో పక్క పళ్ళకు కట్టారు.

గ్రంథాల సాక్ష్యం మాత్రం స్పష్టంగా ఉంది. కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా అనే అరబ్బు వెండి ముక్కు పెట్టించుకున్నాడు. అది కంపు కొట్టడంతో బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. మగవాళ్ళకు బంగారు నగలు నిషిద్ధమైనా పళ్ళను బంగారంతో కట్టించుకోవచ్చనడానికి పండితులు దీన్నే ఆధారం చేసుకున్నారు. పండితుల్లోనే కొందరు అలా కట్టించుకున్నారని 9వ శతాబ్దపు హదీసుల సంకలనకర్త తిర్మిజీ నమోదు చేశాడు. తర్వాత స్పెయిన్‌లో కోర్దోబా దగ్గర ఉన్న శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ తన 'అల్ తస్రీఫ్'లో, ఊడిన పంటికి బదులు ఎద్దు ఎముకను చెక్కి బంగారు తీగతో కట్టవచ్చని రాశాడు. ఆ పుస్తకం అరబ్బీలోదే అయినా, రాస్ అల్ ఖైమా దగ్గరి పాత జుల్ఫార్ రేవులోని కంసాలి చేతికి ఆ విద్య చేరిందని అది రుజువు చేయదు. పళ్ళు కట్టించుకోవడానికి మతపరమైన అడ్డు లేదన్నంత వరకే మనం ధైర్యంగా చెప్పగలం.

సామాన్యుడికి పళ్ళ సెట్టు అందడం చాలా ఆలస్యంగా జరిగి ఉంటుంది. 1850ల తర్వాత గట్టి రబ్బరు, 1937 నుంచి యాక్రిలిక్ వచ్చి సెట్లను చవక చేశాయి. దుబాయ్‌లో అల్ మక్తూమ్ ఆసుపత్రి 1951లో, అల్ ఐన్‌లో ఒయాసిస్ ఆసుపత్రి 1960లో మొదలయ్యాయి. అంతకుముందే బొంబాయికి రాకపోకలున్న ముత్యాల వర్తకులు అక్కడ పళ్ళు కట్టించుకుని ఉండొచ్చు. అయితే అది ఊహే, సాక్ష్యం కాదు.

సాక్ష్యం కోసం కొత్త తవ్వకాలే అక్కర్లేదు. రాస్ అల్ ఖైమా, షార్జా సమాధుల నుంచి ఇప్పటికే సేకరించిన దవడల్లో, పూడిపోయిన గుంటలకు అటూ ఇటూ ఉన్న పళ్ళ మెడలను సూక్ష్మదర్శిని కింద మళ్ళీ చూడాలి. బంగారాన్ని దొంగలు ఎత్తుకుపోయినా, ఏళ్ళ తరబడి బిగిసి ఉన్న తీగ అక్కడ గాటు పెట్టి ఉండొచ్చు, దాని చుట్టూ గార పేరుకుని ఉండొచ్చు.