కోల్ట్ 1851 నేవీ రివాల్వర్: ముద్రలు, మెరుగులు

తూటా, తుపాకిమందు విడివిడిగా కూరి పేల్చే .36 కాలిబర్ ఆరు గుళ్ల రివాల్వర్. శామ్యూల్ కోల్ట్ కర్మాగారం దీన్ని 1850 నుంచి 1873 వరకు అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో తయారుచేసింది. 1850లలో కొన్నేళ్లు లండన్‌లోనూ తయారైంది.

గొట్టం పైభాగాన కోల్ట్ పేరు, ఊరి పేరు ఉంటాయి. న్యూయార్క్, హార్ట్‌ఫర్డ్, లండన్ చిరునామాలను బట్టి తయారైన చోటు, కాలం అంచనా వేయవచ్చు. ఫ్రేమ్ ఎడమవైపు పేటెంట్ ముద్ర, ప్రభుత్వం కొన్నవాటిపై 'యు.ఎస్.' అక్షరాలు కనిపిస్తాయి. లండన్ తుపాకులకు బ్రిటిష్ పరీక్షా ముద్రలు అదనం. సిలిండర్‌పై వాటర్‌మన్ ఆర్మ్‌స్‌బీ చెక్కిన దృశ్యం 1843లో టెక్సస్, మెక్సికో నౌకల మధ్య జరిగిన పోరాటం.

గొట్టానికి, సిలిండర్‌కు నీలిపూత. ఫ్రేమ్‌కు, సుత్తికి బొగ్గుతో కాల్చి గట్టిపరచినప్పుడు వచ్చే నీలి, గోధుమ రంగుల మరకలు. ఇత్తడి ట్రిగ్గర్ గార్డుకు వెండిపూత. పిడికి వార్నిష్ వేసిన వాల్‌నట్ చెక్క. లండన్ తయారీలో ఇత్తడి బదులు ఇనుము ఎక్కువ.

తుపాకి అసలైనదో కాదో తేల్చడానికి భాగాలన్నిటిపై క్రమసంఖ్యలు సరిపోలడం ముఖ్యం. అక్షరాల అంచులు అరిగి, నీలిపూత మాత్రం కొత్తగా మెరిస్తే తర్వాత సానపట్టి పూత వేశారని అనుమానించాలి. ఇటలీలో తయారైన నకళ్లపై ఆ దేశపు పరీక్షా ముద్రలు, తయారీ సంవత్సరాన్ని సూచించే సంకేతం ఉంటాయి. వాటిని చెరిపేసి పాతవిగా అమ్మజూసేవారూ ఉన్నారు కనుక గొట్టం అడుగుభాగం తప్పక చూడాలి.