పదమూడో కుర్చీ

అమెరికన్ పౌరసత్వం వచ్చిన రెండో ఏడు నాకు జ్యూరీ డ్యూటీ పిలుపొచ్చింది. ఎలాగూ మధ్యాహ్నానికి పంపేస్తారులే అనుకుని లాప్‌టాప్ కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. పంపలేదు. నాలుగు రోజుల పాటు కూర్చుని ఒక దొంగతనం కేసు విన్నాను. గోడౌన్‌లో పనిచేసే ఒకతను రాత్రి షిఫ్టు అయిపోయాక రెండు పెట్టెలు కారులో వేసుకుని వెళ్ళిపోయాడని అభియోగం. పాడైన సరుకు కావాలంటే తీసుకెళ్ళమని సూపర్‌వైజరే చెప్పాడని అతని వాదన. అలా చెప్పలేదని సూపర్‌వైజరు సాక్ష్యం. వాదనలన్నీ ముగిశాక జడ్జిగారు నా వైపు తిరిగి, నేను ‘ఆల్టర్నేట్’ జ్యూరర్‌నని, మిగతా పన్నెండుమందిలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తప్ప నా అవసరం ఉండదని చెప్పి, ధన్యవాదాలతో పంపేశారు. ఆ పన్నెండుమందీ లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది.

నా మనసులో అప్పటికే తీర్పు తయారుగా ఉంది. దోషి. ఇందులో అనుమానించడానికి ఏముందని నా ధీమా. కానీ ఆ తలుపు వెనక ఏం మాట్లాడుకున్నారో తెలియకపోవడం మాత్రం చాలా రోజులు నన్ను పీడించింది. జ్యూరీల మీద దొరికిందల్లా చదవడం అలా మొదలైంది. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది. అందులో ఎక్కువ భాగం సన్‌వుల్ఫ్ అనే కమ్యూనికేషన్ ప్రొఫెసర్ గురించి. ఒంటి పేరే, ఇంటిపేరు లేదు. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న ఎందుకు కొత్తదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

జ్యూరీ గది మీద గట్టి పరిశోధన 1950లలో షికాగో యూనివర్సిటీలో మొదలైంది. జనం ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవడానికి అన్నిటికన్నా సులువైన మార్గం వినడమే కదా! 1954లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో, జడ్జి అనుమతితో, లాయర్లకు చెప్పే, కొన్ని సివిల్ కేసుల్లో జ్యూరీ చర్చలను రికార్డు చేశారు. చెప్పనిది ఒక్క జ్యూరర్లకే. మరుసటి ఏడు ఈ సంగతి బయటికి పొక్కి పెద్ద గొడవయింది. సెనేట్ సబ్‌కమిటీ విచారణ జరిపింది. 1956లో ఫెడరల్ జ్యూరీల చర్చలను రికార్డు చేయడం నేరమంటూ చట్టమే వచ్చింది. నాకైతే ఆ చట్టం న్యాయంగానే అనిపిస్తుంది. ఎవరో వింటున్నారని తెలిస్తే ఎవరు మనసు విప్పి మాట్లాడతారు? కాకపోతే ఆ దెబ్బతో పరిశోధకులంతా నాలాగే తలుపు బయట మిగిలిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత అరిజోనాలో అందరి అనుమతితో యాభై సివిల్ కేసుల చర్చలను చిత్రీకరించడం లాంటివి చాలా అరుదు.

షికాగో వాళ్ళు ఇంకో పక్కదారి కూడా పట్టారు. హ్యారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ దేశమంతటా జడ్జీలకు ప్రశ్నపత్రాలు పంపారు: ఈ కేసులో జ్యూరీ ఏం తేల్చింది? మీరైతే ఏం తేల్చేవారు? అలా 3576 క్రిమినల్ కేసుల సమాచారం పోగయింది. 1966లో పుస్తకంగా వచ్చింది. నాలుగింట మూడు వంతులకు పైగా కేసుల్లో జడ్జిదీ జ్యూరీదీ ఒకే మాట. తేడా వచ్చినచోట ఎక్కువగా జ్యూరీదే మెత్తటి మనసు. అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. మొదటి ఓటింగులో మెజారిటీ ఎటు ఉంటే పదింట తొమ్మిదిసార్లు చివరి తీర్పూ అటే. అంటే గదిలో జరిగే చర్చ, ఫోటో ఫిల్మును కడిగే రసాయనం లాంటిదని వాళ్ళ అభిప్రాయం. బొమ్మ ముందే పడి ఉంటుంది, చర్చ దాన్ని పైకి తేలుస్తుందంతే.

‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ సినిమా చూసినవాళ్ళకు ఇది మింగుడుపడదు. అక్కడ ఒక్కడు పదకొండుమందిని తిప్పేస్తాడు. కాల్వెన్, జైసెల్ లెక్కల ప్రకారం నిజజీవితంలో ఒంటరివాడు దాదాపుగా నెగ్గడు. తోడుగా ఇంకొకడైనా మొదటినుంచీ ఉండాలి.

సరే, మరి ఆ బొమ్మ మొదట పడేదెలా? దీనికి జవాబు కథల వైపునుంచి వచ్చింది. లాన్స్ బెన్నెట్, మార్తా ఫెల్డ్‌మన్ కోర్టు విచారణలను కూర్చుని గమనించి 1981లో ఒక పుస్తకం రాశారు. చట్టం తెలియని మామూలు మనిషి అన్ని సాక్ష్యాలను ఎలా మోయగలడు? కథగా మార్చుకుని, అంటారు వాళ్ళు. ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఏం చేశారు అన్నవి కుదురుగా అమరితే నమ్ముతాం, అమరకపోతే అనుమానిస్తాం. వాళ్ళు చేసిన ఒక ప్రయోగంలో విద్యార్థుల చేత కొన్ని నిజం కథలు, కొన్ని కల్పించినవి చెప్పించారు. విన్నవాళ్ళు ఏది నిజమో పోల్చుకోలేకపోయారు. అల్లిక బాగున్న కథనే నమ్మారు.

తర్వాత నాన్సీ పెన్నింగ్టన్, రీడ్ హేస్టీ ఈ ఆలోచనను ఇంకా నిక్కచ్చిగా పరీక్షించారు. వాళ్ళు వాడిన కేసు: మధ్యాహ్నం ఇద్దరికి బారులో గొడవ, సాయంత్రం మళ్ళీ ఎదురుపడ్డప్పుడు ఒకడు రెండోవాణ్ణి కత్తితో పొడిచాడు. హత్య అన్నవాళ్ళ కథలో అతను కోపంతో ఇంటికి వెళ్ళి కత్తి తెచ్చుకున్నాడు. ఆత్మరక్షణ అన్నవాళ్ళ కథలో కత్తి ఎప్పుడూ అతని దగ్గర ఉండేదే. కత్తి ఒకటే, చావూ ఒకటే. మధ్యలో ఉన్న ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్ళు పూరించుకున్నారు.

1988లో వచ్చిన వాళ్ళ ఇంకో ప్రయోగం నాలాంటి ఇంజనీర్లకు చాలా నచ్చుతుంది. ఎందుకంటే మార్చింది ఒక్క వరసనే. ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని కథ జరిగిన క్రమంలోనూ, డిఫెన్స్ సాక్ష్యాన్ని సాక్షులవారీగా ముక్కలు ముక్కలుగానూ ఇచ్చినప్పుడు 78 శాతం మంది దోషి అన్నారు. దాన్ని తిరగేసి, డిఫెన్స్‌కు కథా క్రమం ఇచ్చినప్పుడు 31 శాతమే. సాక్ష్యాల్లో అక్షరం తేడా లేదు! ఇంకో విషయం, ఇది నన్ను కాస్త భయపెట్టింది. ఏ వాక్యాలు విన్నారో గుర్తుపట్టమంటే, తమ తీర్పుకు సరిపోయేవి కోర్టులో ఎవరూ చెప్పకపోయినా చెప్పినట్టే చాలామందికి గుర్తుంది.

ఆ కత్తి సంగతి చదివినప్పుడు నానావతి కేసు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? 1959 ఏప్రిల్‌లో బొంబాయిలో నేవీ కమాండర్ కె.ఎం. నానావతి, తన భార్యతో సంబంధం ఉన్న ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపాడు. భార్య ఆ మాట చెప్పాక అతను వెంటనే ఆహూజా దగ్గరికి వెళ్ళలేదు. భార్యాపిల్లలను సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్ళి రివాల్వర్ తీసుకుని, అప్పుడు వెళ్ళాడు. పెనుగులాటలో తుపాకీ పేలిందన్నది డిఫెన్స్ కథ. మోసపోయిన దేశభక్తుడైన ఆఫీసరు కథ అప్పటికే పత్రికల్లో మోగిపోతోంది. జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోకుండా హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. సుప్రీంకోర్టు మళ్ళీ ఆ మధ్యలోని ఖాళీనే పట్టుకుంది: మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇల్లు వదిలాడు, హత్య నాలుగూ ఇరవైకి, మనసు కుదుటపడడానికి మూడు గంటలు చాలవా? అంత పెనుగులాట జరిగితే స్నానం చేసి వచ్చిన ఆహూజా నడుముకున్న తువ్వాలు ఊడకుండా ఎలా ఉంది?

ఈ కేసు వల్లే మనదేశంలో జ్యూరీ పోయిందని చాలామంది అంటారు. నిజానికి జ్యూరీని రద్దు చేయమని లా కమిషన్ 1958లోనే, అంటే ఈ హత్యకు ముందే సిఫారసు చేసింది. 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పూర్తిగా పోయింది. నానావతి కేసు ఆ రద్దుకు జనం చెప్పుకునే కథ అయింది. చరిత్ర మీద కూడా మనం జ్యూరీలాగే కూర్చుంటాం కాబోలు.

ఇక్కడివరకూ చెప్పిన కథా సిద్ధాంతంలో ఒక లోటుంది. అదంతా ఒక్క మనిషి తలకాయ లోపల జరిగేది. పన్నెండు తలకాయల్లో పన్నెండు కథలుంటే, ఒక్క తీర్పు ఎలా వస్తుంది? సన్‌వుల్ఫ్ పట్టుకున్నది ఈ ప్రశ్నని.

ఆవిడ మొదట లాయరు. కొలరాడోలో పబ్లిక్ డిఫెండరు, అంటే లాయరును పెట్టుకునే స్తోమతు లేని ముద్దాయిల తరఫున ప్రభుత్వం నియమించే వకీలు. జ్యూరీకి కథ చెప్పడమే వృత్తి. తర్వాత శాంటా బార్బరాలో పిహెచ్‌డి చేసి శాంటా క్లారా యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ప్రొఫెసరయ్యారు. కోర్టులో జ్యూరీకి ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి, ఆ తర్వాత వాళ్ళు లోపల ఒకరికొకరు ఏం చెప్పుకుంటారని అడగడం మొదలుపెట్టారు.

1998లో డేవిడ్ సైబోల్డ్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఆవిడ చూసింది ఒక చిన్న విషయంలా కనిపిస్తుంది. జడ్జి జ్యూరీకి చట్టం ఏమిటో చెబుతాడు. చర్చ ఎలా చేయాలో పెద్దగా చెప్పడు. ఎవరు ముందు మాట్లాడాలి, ఓటు ఎప్పుడు వేయాలి, ఒకడు మొండికేస్తే ఏం చేయాలి? వీటికి రూల్‌బుక్ లేదు. జ్యూరీ డ్యూటీకి వచ్చినవాళ్ళను అడిగితే మాత్రం ఎవరి రూల్స్ వాళ్ళ దగ్గర తయారుగా ఉన్నాయి. బళ్ళోనో, ఆఫీసులోనో, ఇంట్లోనో నేర్చుకున్నవి. అవన్నీ ఆ గదిలోకి వాళ్ళతోపాటే నడిచివెళ్తాయి. రోజుకు మూడు మీటింగుల్లో కూర్చునే నాకు ఇది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మొదట నోరు తెరిచినవాడి డిజైనే సగంసార్లు ఖాయమవుతుంది.

2006లో ప్రతిపాదించిన ‘డెసిషనల్ రిగ్రెట్’ సిద్ధాంతం ఆవిడ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనది. మనం పశ్చాత్తాపం అనేదాన్ని తప్పు జరిగిపోయాక పడేదిగా అనుకుంటాం. కష్టమైన నిర్ణయం ముందున్నప్పుడు గుంపులో మనుషులు దాన్ని ముందుగానే పడతారంటారు సన్‌వుల్ఫ్. ఆ ఆందోళనను తగ్గించుకోవడానికి ఇంకా జరగని కథలు చెప్పుకుంటారు. ‘మనం దోషి అన్నాక, రేపు అసలు దొంగ దొరికితే?’ ‘వదిలేశాక ఇంకోణ్ణి పొడిస్తే?’ ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ఔనంటారు, మరొకరు కాదంటారు, లేదా ముగింపు మార్చేస్తారు. అలా జరగని కథలను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ గుంపు నిర్ణయం వైపు జరుగుతుంది.

ఆవిడకు జానపద కథల మీదా ఆసక్తే. 1999లో అమెరికా ఆదివాసుల నీతికథలు, సూఫీ కథలు, ఆఫ్రికా సందిగ్ధ కథలు మనిషిని ఎలా ఒప్పిస్తాయో రాశారు. ఈ ఆఫ్రికా కథలకు ముగింపు ఉండదు. చివర ఒక ప్రశ్న వేసి వదిలేస్తారు, విన్నవాళ్ళు వాదించుకోవాలి. ఇది చదవగానే చందమామలో బేతాళుడు గుర్తొచ్చాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప, ఎవరిది తప్పు అని అడిగి మెలికపెట్టే కథలు. కాకపోతే ఒక తేడా ఉంది. మనకు జవాబు విక్రమార్కుడే చెప్పేస్తాడు, మనం పేజీ తిప్పేస్తాం. నేను చిన్నప్పుడు ఒక్కసారైనా రాజు జవాబుతో తగువు పెట్టుకున్న గుర్తు లేదు. ఆఫ్రికా కథలో రాజు లేడు, చుట్టూ కూర్చున్నవాళ్ళే చెప్పుకోవాలి. జ్యూరీ గది ఆ రెండో రకం.

ఆవిడ సిద్ధాంతంలో నాకు తృప్తినివ్వని ప్రశ్న ఒకటుంది. ‘ఇలా జరిగితే?’ అన్న కథ ఎవరికి తోస్తుంది? పన్నెండుమందీ ఒకే రకం బతుకు బతికినవాళ్ళయితే వాళ్ళకు తోచే భయాలూ ఒకేవైపు ఉంటాయి. తోచని కథ గురించి ఎవరూ ముందుగా పశ్చాత్తాపపడరు. కాబట్టి గదిలో ఎలా మాట్లాడుకున్నారన్నదానికి ముందే, గదిలో ఎవరున్నారన్నది తేలాలి.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. మా కేసు ముగిసిన నాలుగు వారాలకు కిరాణా కొట్టు పార్కింగులో నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కనిపించింది. తీర్పు నిర్దోషి అట. నేను ఆశ్చర్యంతో, ‘అదేంటండీ, కారు వెనక తలుపు దగ్గర దాచిపెట్టాడు కదా?’ అన్నాను. ఆవిడ నా వంక వింతగా చూసింది. లోపల ఇంకో ఇద్దరు కూడా అదే అన్నారట. అనుమానమొచ్చి సాక్ష్యం మళ్ళీ చదివించుకున్నారట. కారు రోజూ పెట్టే చోటే ఉంది. వెనక తలుపు మాట సాక్షులెవరూ అనలేదు.

తర్వాత వాళ్ళలో ఒకతను, ఇరవై ఏళ్ళు గోడౌన్లలో పనిచేసినవాడట, ఇలాంటి అనుమతులు ఎవరూ కాగితం మీద ఇవ్వరని చెప్పాడట. ‘రేపు ఇంకో పనివాడు వచ్చి నాకూ అలాగే చెప్పాడని అంటే, మనం రాత్రి నిద్రపోగలమా?’ అని అడిగాడట. దానిమీద ఒక పూటంతా మాట్లాడుకున్నారట.

నేను సరుకులు కారులో పెట్టుకుని చాలాసేపు స్టార్ట్ చేయకుండా కూర్చున్నాను. నాలుగు రోజులు విన్నాను, నిద్రపోలేదు, ఫోన్ చూడలేదు. అయినా ఆ కారును వెనక తలుపు దగ్గరికి తెచ్చి పెట్టింది నేనే. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అది అక్కడే కనిపిస్తుంది.