కోనసముద్రం ఉక్కు, డమాస్కస్ గొట్టం: పేరు ఒకటే, సరుకు వేరు

ఆర్మూరు అనగానే అందరికీ పసుపు గుర్తొస్తుంది, ఇనుము ఎవరికీ గుర్తురాదు. కానీ ఆర్మూరు నుంచి జగిత్యాల రోడ్డు పట్టుకుని వేల్పూరు, మోర్తాడ్ దాటి వెళితే కమ్మర్‌పల్లి వస్తుంది. దాని దగ్గర ఊరే కోనసముద్రం. 1820 ప్రాంతంలో లాంబ్టన్ సర్వే బృందంలో పనిచేసిన డాక్టర్ వోయ్‌సీ ఇక్కడికొచ్చి ఉక్కు కొలిములు చూసి రాసుకున్నాడు. ఆయన పోయాక 1832లో అది అచ్చయింది. ఆయన వచ్చేసరికే ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వ్యాపారి ఒకడు ఊళ్ళో ఉండి ఉక్కు కొంటున్నాడట. మా దేశంలో ఇలాంటిది చెయ్యాలని చూశారు గానీ కుదరలేదని అతనే చెప్పాడట!

మూసల్లో కరిగించిన ఈ ఉక్కు ముద్దలతోనే అలల గీతలుండే డమాస్కస్ కత్తులు చేసేవారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఊట్జ్ అన్నారు. ఆ మాట కూడా మన 'ఉక్కు' నుంచి వచ్చిందే అంటారు. ఇది చదివి ఛాతీ ఉప్పొంగితే తప్పేం లేదు. చిక్కు ఆ తర్వాత వస్తుంది.

పాత ఇళ్ళలో తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకులు కొన్ని ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్నింటి గొట్టాల మీద పాము చర్మంలా మెలికల గీతలు కనిపిస్తాయి. దాన్నీ డమాస్కస్ అనే అంటారు. "డమాస్కస్ అంటే మన కోనసముద్రం ఉక్కే కదా, దానికేమవుతుంది?" అని ఎవరైనా ఈ కాలం తూటా పెట్టి పేల్చబోతే మాత్రం వెంటనే ఆపండి. ఇది అచ్చంగా మన ప్రోగ్రామింగ్‌లో రెండు వేర్వేరు లైబ్రరీలకి ఒకటే పేరు పెట్టినట్టు. కంపైలర్ ఊరుకున్నా, రన్ చేస్తే పేలుతుంది. ఇక్కడ నిజంగానే పేలుతుంది.

కోనసముద్రం ఉక్కు మూసలో కరిగి గడ్డకట్టిన ఒకే ముద్ద. కత్తి మీది గీతలు ఆ లోహం లోపల కార్బన్ పేరుకున్న తీరు వల్ల వచ్చినవి. తుపాకి గొట్టం సంగతి వేరు. బర్మింగ్‌హామ్‌లో, బెల్జియంలోని లీజ్‌లో ఇనుము, ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, కాల్చి, సుత్తితో కొట్టి కడ్డీ చేసేవాళ్ళు. ఆ కడ్డీని తాడులా మెలిపెట్టి, అలాంటివి రెండో మూడో కలిపి పట్టీ చేసి, ఆ పట్టీని ఇనుప కడ్డీకి చుట్టి అంచులు అతికేవాళ్ళు. అంటే ఆ గొట్టం మొత్తం అతుకులే. ఏ అతుకులోనైనా కాస్త చిట్టెం మిగిలిపోతే పైకి కనపడదు.

అలాగని అది నాసిరకం అనుకోకండి. 1888-91 మధ్య బర్మింగ్‌హామ్‌లో రకరకాల గొట్టాలని పరీక్షిస్తే, ఇలా అతికి చేసిన లామినేటెడ్ గొట్టమే మొదటి స్థానంలో వచ్చింది, అప్పటి కొత్తరకం పోత ఉక్కుని కూడా దాటి. కానీ అవి కొత్త గొట్టాలు. మన ఇంట్లోది నూరేళ్ళు దాటిన గొట్టం. బ్లాక్ పౌడర్ (నల్లమందు అని అనువదిద్దామంటే అర్థం మారిపోతుంది :)) మసి తేమని లాగుతుంది. శుభ్రం చెయ్యకుండా మన వానాకాలాలు గడిపిన గొట్టం లోపల గుంతలు పడి ఉంటాయి. ఎవరో ఆ గుంతలు పోయేలా అరగదీయించి ఉంటే గోడ ఇంకా పల్చబడి ఉంటుంది. రెండు గొట్టాలకీ మధ్యనుండే పట్టీ కింద పట్టిన తుప్పయితే అసలు కనిపించదు.

ఇక మందు. 1884లో ఫ్రాన్స్‌లో వియే పొగరాని మందు కనిపెట్టాక తూటాలు మారిపోయాయి. బ్లాక్ పౌడర్‌కి పరీక్షించిన గొట్టానికి ఈ మందు కొలత వర్తించదు. అందుకే ప్రూఫ్ హౌసులు నైట్రో ప్రూఫ్ అని వేరే ముద్ర పెట్టాయి. ఆ ముద్ర ఉన్నా అది ఆనాటి గోడ మందానికే సాక్ష్యం. పైగా పాత తుపాకులు చాలావాటిలో తూటా గది రెండున్నర అంగుళాలే, అంటే 65 మి.మీ. ఇప్పుడు మామూలుగా వచ్చే 70 మి.మీ. తూటా అందులో చక్కగా పడుతుంది. పేలినప్పుడు దాని మడత విచ్చుకోవడానికి మాత్రం చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం చీలేది తరచు ఆ గదికి కాస్త ముందు. సరిగ్గా అక్కడే మనం ఎడమ చెయ్యి పెట్టి పట్టుకునేది.

గీతలు లేవు కాబట్టి భయం లేదనుకోవడమూ కుదరదు. డమాస్కస్ గొట్టాలకి తర్వాత నల్లరంగు ఎక్కించినవీ ఉన్నాయి, మామూలు ఉక్కు మీద ఉత్తుత్తి గీతలు వేసినవీ ఉన్నాయి. గొట్టాన్ని వేలాడదీసి తడితే గంటలా మోగాలి అని ఒక చిట్కా చెబుతారు. మోగితే పట్టీ అతుకు ఊడలేదని మాత్రమే తెలుస్తుంది. గోడ మందం తెలియాలంటే పొడవునా కొలవాలి, దానికి పనిముట్టూ పని తెలిసిన మనిషీ కావాలి. దొరక్కపోతే పేల్చకుండా ఉంచెయ్యడమే. ఎలాగూ 1972 చట్టం తర్వాత వేటకి పనిలేదు. ఒక్క సంగతి... గోడకి తగిలించినా సరే, పేలే స్థితిలో ఉన్నంతకాలం దానికి లైసెన్సు కావాల్సిందే, 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే.