మలక్‌పేటలో ఎనిమిదో రేసు

పాడక్‌ కంచెను ఆనుకుని నిలబడ్డారు మీరు. నాలుగో రేసుకు దిగే గుర్రాలు ఎదురుగా చుట్లు తిరుగుతున్నాయి. ఏడో నంబరుకు జీను కింద, తొడల మధ్య తెల్లటి నురగ. చెవిలో పెన్ను దోపుకున్న పక్కనున్న పెద్దాయన రేసు బుక్కులో దాన్ని కొట్టేస్తాడు.

"ఉరకకముందే సగం అయిపోయింది తమ్మీ."

1886లో ఆరో నిజాం మహబూబ్‌ అలీ పాషా మౌలాలీ నుంచి ఇక్కడికి తెచ్చిన పందేలివి. పాతకాపులను కదిపితే చాలు, 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు అందుకుంటారు: గుర్రప్పందెం నేర్పుతో ఆడేదే గానీ వట్టి జూదం కాదని. సరే, ఆ నేర్పు బుక్కులో కొట్టివేత దాకా కనిపిస్తూనే ఉంది. పందెం కట్టే టోట్‌ కౌంటర్‌ దగ్గరికొచ్చేసరికే జారిపోతుంది.

బోర్డు మీద రేట్లు మారుతున్నాయి. అందరి సొమ్మూ ఒకే పూల్‌లో పడుతుంది. క్లబ్బు కోత పోగా మిగిలిందే గెలిచిన టికెట్లకు పంచుతారు. పందెం మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది. జనమంతా కలిసి వేసినదానికన్నా తీసుకెళ్లేది ఎప్పుడూ తక్కువే. అందుకే సినిమాకు పెట్టిన ఖర్చులా 2000 అనుకుని వచ్చారు మీరు: ఎనిమిది రేసులు, రేసుకు 200, మిగిలింది చాయ్‌కీ ఆటోకీ.

మూడు రేసుల్లో 600 పోయాయి. ఇప్పుడు చెయ్యి 800 తీస్తోంది, ఒక్క దెబ్బకు అంతా రాబట్టాలని. పోయినచోటే వెతుక్కోవాలట! పెద్దాయన ఆ నోట్ల వంక చూస్తాడు.

"నువ్వు ఎంత పోగొట్టుకున్నవో గుర్రానికి ఎర్కనా?"

రెండు వందలుంచి మిగతావి జేబులోకి తోస్తారు.

ఎనిమిదో రేసుకు మైదానం మొహమే మారిపోతుంది. ఫేవరెట్‌ గెలిచినా లోటు పూడదు గనక, మధ్యాహ్నం నుంచి ఓడినవాళ్లంతా ఎవరూ పట్టించుకోని పదకొండో నంబరు మీద పడ్డారు. నీలం చొక్కా కుర్రాడు ఫోన్లో బతిమాలుతున్నాడు: "అన్నా, ఒక్క ఐదువేలు కొట్టన్నా, రాత్రికి ఇచ్చేస్తా."

పెద్దాయన బుక్కు మడిచి చంకలో పెట్టుకుంటాడు.

"ఆడవా కాకా?"

"ఆడ. ఈ రేసు ఊకెనే జూస్త."

వరస కదులుతుంది. కౌంటర్‌లో మనిషి "ఎంత సార్‌?" అంటాడు, తలెత్తకుండానే.

"మూడో నంబరు, ప్లేస్‌. రెండొందలే."