పీవీ పేల్చని బాంబు: 1995 డిసెంబర్‌లో అసలేం జరిగింది?

మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్స్ తెరిచి బిచ్కుంద అని కొట్టండి. శాటిలైట్ వ్యూ పెట్టండి. రోడ్లు, పొలాలు, ఆ పక్కన మంజీర ఇసుక మేటలు, అన్నీ కనిపిస్తాయి. ఇంకొంచెం జూమ్ చేస్తే మీ ఇంటి పైకప్పు కూడా కనిపిస్తది. ఇప్పుడు ఇది మనకు మామూలే. కానీ ముప్పై ఏండ్ల కింద పై నుంచి ఇట్ల చూడగలిగే కన్ను కొన్ని దేశాలకే ఉండేది. ఆ కన్ను ఒకరోజు రాజస్థాన్ ఎడారి మీద పడింది. దాంతో మన దేశం చేయాలనుకున్న ఒక పెద్ద పని ఆగిపోయింది. ఆ టైంలో ఢిల్లీలో ప్రధాని కుర్చీలో ఉన్నది మన తెలంగాణ మనిషి, పాములపర్తి వెంకట నరసింహారావు గారు.

పీవీ అంటే చాలామందికి 1991 ఆర్థిక సంస్కరణలు గుర్తొస్తాయి. లేదంటే హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర ఎక్కే ఎక్స్‌ప్రెస్‌వే గుర్తొస్తుంది. మన మద్నూర్, బిచ్కుంద, జుక్కల్ వైపు వాళ్లకు ఇంకో ముచ్చట నచ్చుతది. మనలాగే ఆయనకూ మరాఠీ వచ్చు. ఒక మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి ఎంపీగా కూడా గెలిచారు. ఇన్ని భాషలు వచ్చిన మనిషి, అవసరమైతే ఒక్క భాషలో కూడా నోరు విప్పరని పేరు. ఈ కథలో ఆ మౌనానిదే పెద్ద పాత్ర.

ముందు ఒక మాట అర్థం చేసుకుందాం: అణు నిరోధం. పేరు పెద్దగా ఉంది కానీ విషయం సింపుల్. నువ్వు నన్ను కొడితే, నేను తట్టుకుని లేచి నిన్ను అంతకంటే గట్టిగా కొడతా. అది నీకు ముందే తెలుసు కాబట్టి నువ్వు నా జోలికి రావు. అంతే. బాంబు వాడకుండానే బాంబుతో పని జరగాలి.

మన దగ్గర అడవి పందులు రాకుండా కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు కదా. అది చట్టప్రకారం నేరం. ఒక్కోసారి ఆ తీగ తగిలి పెట్టిన రైతే పోతాడు, లేదా పక్క చేనాయన పోతాడు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. తీగ ఉందని అవతలివాడికి తెలిస్తేనే అతను ఆగుతాడు. తెలియకపోతే ఆగడు, చస్తాడు. ఇక తీగ ఉన్నంతకాలం పెట్టినవాడికి కూడా నిద్ర ఉండదు. అణుబాంబు సంగతీ ఇదే. భయపెట్టాలంటే అవతలివాడికి కనపడాలి. తయారు చేసుకోవాలంటే మాత్రం ఎవరికీ కనపడకుండా దాచుకోవాలి. పీవీ ఇరుక్కున్నది సరిగ్గా ఈ రెండింటి మధ్య.

సరే, 1995లోనే ఎందుకంత తొందర?

మనం మొదటి పరీక్ష చేసింది 1974 మే 18న, ఇందిరాగాంధీ హయాంలో. దాన్ని శాంతి కోసం చేసిన పేలుడు అని చెప్పుకున్నాం. తర్వాత ఇరవై ఏండ్లు ఇంకో పరీక్ష లేదు. కానీ తెర వెనక పని ఆగలేదు, ఆ పనిలో మన హైదరాబాద్ వాటా చిన్నదేం కాదు. అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అక్కడే ఉంది. ఈసీఐఎల్ అక్కడే ఉంది. క్షిపణులు తయారైన డీఆర్‌డీఎల్ కూడా అక్కడే. అబ్దుల్ కలాం గారు 1982లో దానికి డైరెక్టర్‌గా వచ్చారు. 1989 మే 22న అగ్ని మొదటిసారి ఎగిరింది. అంటే బాంబును మోసుకెళ్లే బండి రెడీ అవుతోంది. బాంబును మాత్రం ప్రపంచం ముందు పరీక్షించి చూపించలేదు.

ఇంతలో తలుపు మూసుకుపోవడం మొదలైంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అని ఒకటుంది. 1967 కంటే ముందు బాంబు పేల్చిన అయిదు దేశాలకే ఆయుధం ఉండొచ్చు, మిగతావాళ్లకు వద్దు అంటుంది అది. మనం సంతకం పెట్టలేదు. 1995 మేలో ఆ ఒప్పందాన్ని శాశ్వతం చేసేశారు. పైగా ఇకపై ఎవరూ ఏ పరీక్షా చేయకూడదనే ఇంకో ఒప్పందం కోసం జెనీవాలో చర్చలు నడుస్తున్నాయి. ఆ ఏడాదే చైనా పరీక్షలు చేసింది, ఫ్రాన్స్ కూడా చేసింది. వాళ్లు పని ముగించుకుని తలుపు వేసేస్తున్నారు, మనం బయటే ఉన్నాం. అప్పుడు ఢిల్లీలో ఉన్న లెక్క ఇది: ఇప్పుడు చేయకపోతే ఇంకెప్పుడూ చేయలేం.

పోఖ్రాన్‌లో పని మొదలైంది. పై నుంచి అమెరికా ఉపగ్రహం చూసింది.

1995 డిసెంబర్ 15న న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. రాజస్థాన్ ఎడారిలో భారత్ అణు పరీక్షకు సిద్ధమవుతున్నట్టు అమెరికా అనుమానిస్తోంది అని. ఢిల్లీలో అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఉపగ్రహ ఫోటోలు తీసుకెళ్లి పీవీ ప్రిన్సిపల్ సెక్రటరీ ఏ.ఎన్. వర్మకు చూపించారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కూడా ఫోన్ చేశారు. మన ప్రభుత్వం బయటకు అదంతా ఊహాగానం అంది. పరీక్ష జరగలేదు.

ఇదే నెలలో జరిగిన ఇంకో విషయం చాలామందికి తెలియదు. డిసెంబర్ 28న బైకనూర్ నుంచి మన ఐఆర్‌ఎస్-1సి ఉపగ్రహం ఎగిరింది. నేల మీద సుమారు 6 మీటర్ల వస్తువును కూడా చూడగలిగే కెమెరా దానిలో ఉంది. అప్పటికి పౌర అవసరాలకు వాడే ఉపగ్రహాల్లో అంత సూటి చూపు ఇంకెవరికీ లేదు. అది పంపే బొమ్మలు అందుకున్నది మన షాద్‌నగర్ స్టేషన్. పైనున్న కన్ను వల్ల ఒక పని ఆగిపోయిన నెలలోనే, మనం కూడా పైన ఒక కన్ను పెట్టుకున్నాం.

ఇప్పుడు అసలు చర్చకు వద్దాం. పీవీ ఎందుకు ఆగారు? దీని మీద మూడు వాదనలు ఉన్నాయి.

మొదటిది, భయపడి వెనక్కి తగ్గారని. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1991లో రెండు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ డబ్బే మన దగ్గర మిగిలింది, బంగారం తాకట్టు పెట్టాం. నాలుగేండ్లలో కొంచెం కోలుకున్నాం, అంతే. 1994లో అమెరికా చట్టం మార్చింది. పరీక్ష చేసిన దేశం మీద ఆంక్షలు వాటంతట అవే పడేట్టు చేసింది. ఆర్థిక వ్యవస్థను నిలబెట్టిన మనిషి దాన్నే పణంగా పెడతాడా?

రెండోది, ఆయన కావాలనే కనపడనిచ్చారని. మేం చేయగలం అని ప్రపంచానికి తెలియాలి, కానీ చేసినందుకు పడే శిక్ష పడకూడదు. తీగ పెట్టినట్టు తెలిస్తే చాలు, కరెంటు ఇవ్వనక్కర్లేదు అన్నమాట.

మూడోది, శాస్త్రవేత్తలకు ఇంకా టైం కావాల్సి వచ్చిందని, హైడ్రోజన్ బాంబు డిజైన్ పూర్తయ్యేదాకా ఆగడమే మంచిదని అనుకున్నారని.

ఏది నిజం? పీవీ నోటితో చెప్పలేదు. మనకు దొరికిన గట్టి సాక్ష్యం ఇంకొకరి మాట. 1996 మేలో పీవీ ఓడిపోయి వాజ్‌పేయి ప్రధాని అయ్యారు. 2004 డిసెంబర్‌లో పీవీ చనిపోయాక వాజ్‌పేయి గారే బయటపెట్టారు: బాధ్యతలు అప్పగించేటప్పుడు పీవీ తనతో బాంబు సిద్ధంగా ఉందని, ఇక పేల్చడమే మిగిలిందని చెప్పారట. వాళ్లిద్దరివీ ఎదురెదురు పార్టీలు. ఇవాళ్టి రాజకీయాలు చూస్తున్న మనకు ఈ ఒక్క విషయమే ఆశ్చర్యం. నా లెక్కలో, భయపడి పని వదిలేసిన మనిషి దాన్ని తర్వాత వచ్చేవాడి చేతికి జాగ్రత్తగా అప్పగించి పోడు.

1998లో ఆ పని పూర్తయింది. ఈసారి మనవాళ్లు 1995 పాఠం మర్చిపోలేదు. పని అంతా రాత్రిపూట. తెల్లారే సరికి బండ్లన్నీ పాత జాగాకే. కలాం గారు సైనిక యూనిఫాం వేసుకుని, మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అనే మారుపేరుతో తిరిగారు. మే 11న మూడు, మే 13న రెండు పరీక్షలు. అమెరికా కన్నుకు ముందుగా ఏమీ దొరకలేదు. అది తమ నిఘా సంస్థల పెద్ద వైఫల్యమని వాళ్ల సెనేట్‌లోనే గొడవైంది.

అయితే ఇక్కడితో చప్పట్లు కొట్టి ఆపేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు. బాంబు వచ్చాక మనం సేఫ్ అయ్యామా?

మే 28న పాకిస్తాన్ కూడా పేల్చింది. ఏడాది తిరగకుండానే కార్గిల్ యుద్ధం. హైదరాబాద్ నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య అక్కడే అమరుడయ్యారు. బాంబును సమర్థించేవాళ్లు ఏమంటారంటే, రెండు వైపులా బాంబు ఉంది కాబట్టే కార్గిల్ పెద్ద యుద్ధంగా మారలేదు అని. వ్యతిరేకించేవాళ్లు ఏమంటారంటే, మన దగ్గర బాంబు ఉందిలే అనే ధీమాతోనే పాకిస్తాన్ చొరబడింది అని. చూడండి, సంఘటన ఒకటే, రెండు వాదనలకూ అదే సాక్ష్యం. పెద్ద యుద్ధం వచ్చే అవకాశం తగ్గిన చోట చిన్న యుద్ధానికి ధైర్యం పెరుగుతది.

ఇంకా దగ్గరి ఉదాహరణ గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా మన సైనికులు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు అణ్వస్త్ర దేశాల సైనికులు రాళ్లతో, రాడ్లతో కొట్టుకున్నారు. ఒక్క తూటా పేలలేదు. దీనికి కారణం బాంబు ఒక్కటే కాదు. సరిహద్దులో బలం వాడొద్దని 1993 సెప్టెంబర్‌లో బీజింగ్‌లో ఒక ఒప్పందం జరిగింది. 1996లో దానికి కొనసాగింపుగా తుపాకుల వాడకం మీద హద్దులు పెట్టారు. ఆ 1993 ఒప్పందం జరిగినప్పుడు ప్రధానిగా బీజింగ్‌లో ఉన్నది ఎవరు? పీవీయే. ఒక చేత్తో బాంబు పని నడిపించారు, ఇంకో చేత్తో కాగితం మీద శాంతి రాయించారు. ఆ కాగితం గల్వాన్‌లో ప్రాణాలను కాపాడలేకపోయింది. కానీ ఆ రాత్రి తూటాలు పేలి ఉంటే లెక్క 20 దగ్గర ఆగేదా? దేశ భద్రత అంటే బాంబు ఒక్కటే అనుకునేవాళ్లు ఈ కాగితాన్ని మర్చిపోతారు. బాంబే వద్దనేవాళ్లు ఆ కాగితం వెనక ఉన్న బలాన్ని మర్చిపోతారు.

చివరిగా నిఘా సంగతి. అమెరికా మనల్ని చూసింది, ఆపడానికి మనకు కోర్టు లేదు. దేశాల మధ్య అంతే. కానీ మన ప్రభుత్వం మన ఫోన్ వింటే? అక్కడ కోర్టు ఉంది. చైనా యుద్ధం ఆగి నెల కూడా కాలేదు, దేశంలో ఎమర్జెన్సీ ఉంది, అలాంటి టైంలో, 1962 డిసెంబర్ 18న, ఒక మనిషి ఇంటి మీద పోలీసు నిఘా కేసులో మన తెలుగు జడ్జి కోకా సుబ్బారావు గారు సుప్రీంకోర్టులో భిన్నమైన తీర్పు రాశారు. ప్రైవసీ లేకుండా స్వేచ్ఛ లేదు అన్నారు. అప్పుడు మెజారిటీ ఒప్పుకోలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు అదే మాట ఒప్పుకున్నారు. ఫోన్ వినాలంటే హోం సెక్రటరీ స్థాయిలో రాతపూర్వక ఆర్డర్ ఉండాలి, అది రెండు నెలలకే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటొద్దు అని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నియమాలు ఉన్నా, 2024లో హైదరాబాద్‌లోనే ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది.

అందుకే "దేశ భద్రత" అనే మాట వినగానే నోరు మూసుకోవద్దు, ఎగిరి పడొద్దు. మూడు ప్రశ్నలు అడగండి. ఆర్డర్ ఇచ్చింది ఎవరు? ఎన్ని రోజులకు? తప్పు జరిగితే జవాబు చెప్పేది ఎవరు? 1995లో పోఖ్రాన్ గురించి తెలిసింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగే మందికి. అణుబాంబు విషయంలో కొంత రహస్యం తప్పదేమో. కానీ అదే రహస్యాన్ని అలవాటు చేసుకుని ప్రభుత్వం మన ఫోన్ల దాకా వస్తే, ఆ అలవాటును ఆపాల్సింది మనమే.

ఈ రోజుకు ఇంతే. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే 1998 మేలో ఆ వార్త ఎట్ల విన్నారో, ఏమనుకున్నారో ఒకసారి అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.